పాయింట్ గార్డ్ కావాలనుకునే అబ్బాయిని ఇంటర్‌లో ఎక్కడ చేర్చాలి?

ప్రశ్న: మాది తిరుపతి. చిన్న బట్టల షాపు ఉంది. మా అబ్బాయి పదో తరగతి, ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. స్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో పాయింట్ గార్డ్, అంటే బంతి ముందుకు తీసుకెళ్లి ఆట నడిపించేవాడు. పోయిన ఏడాది అండర్-17లో జిల్లా జట్టుకు ఆడాడు. ప్రొఫెషనల్ ప్లేయర్ అవుతా, చదువు సంగతి తర్వాత చూద్దాం అంటున్నాడు. వాళ్లమ్మ మాత్రం రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్పిద్దామంటోంది. తెలిసినాయన ఒకరు అమెరికాలో హైస్కూల్ సీటు, ఆ తర్వాత కాలేజీ స్కాలర్‌షిప్ ఇప్పిస్తానని 15 లక్షలు అడుగుతున్నారు. షాపు మీద లోన్ తీసుకోవాల్సి వస్తుంది. ఏం చేయమంటారు సార్?

జవాబు: ముందు ఆ 15 లక్షల సంగతి తేల్చేద్దాం. ఇవ్వకండి. అమెరికా కాలేజీలో బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ ఇచ్చేది ఆ కాలేజీ కోచ్. కుర్రాడి ఆట చూశాక, తన జట్టులో అలాంటివాడి అవసరం ఉంటేనే ఇస్తాడు. రెండేళ్ల ముందే ఆ మాట ఇవ్వడం మధ్యవర్తి ఎవరి వల్లా కాదు. పైగా అక్కడ కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం డివిజన్-1లో, అంటే పై అంచెలో ఆడాలంటే హైస్కూల్లో 16 ప్రధాన కోర్సులు పూర్తిచేసి, వాటిలో సగటున నాలుగుకు కనీసం 2.3 జీపీఏ తెచ్చుకోవాలి. అక్కడి లెక్కలో హైస్కూల్ అంటే తొమ్మిదో తరగతి నుంచే. చదువు తర్వాత చూద్దామనే పిల్లలకు ఆ తలుపు తెరుచుకోదని మీవాడికి చెప్పండి. ఇక డివిజన్-3 కాలేజీల్లో ఆటకంటూ స్కాలర్‌షిప్పే ఉండదు. అలాంటి కాలేజీలో సీటు చూపించి ఆయన పక్కకు తప్పుకుంటే, నాలుగేళ్ల ఫీజు మీ నెత్తిన పడుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన దేశం నుంచి ఆ దారిలో వెళ్లినవాళ్లు ఎవరో చూడండి. పంజాబ్ కుర్రాడు సత్నాం సింగ్ 2010లో స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు. ఎత్తు ఏడడుగుల రెండు అంగుళాలు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2015 డ్రాఫ్ట్‌లో డల్లాస్ మావెరిక్స్ అతన్ని 52వ ఎంపికగా తీసుకుంది. అయినా ఎన్‌బీఏలో ఒక్క లీగ్ మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. తర్వాత ఎన్‌బీఏ కింది అంచె అయిన జీ-లీగ్ దాకా వెళ్లిన ప్రిన్స్‌పాల్ సింగ్, మాన్మత్ యూనివర్సిటీలో డివిజన్-1 ఆడిన అమాన్ సంధు కూడా ఏడడుగులో, దానికి దగ్గరో ఉన్నవాళ్లే. బయటి దేశాల వాళ్లు మన దగ్గర వెతికింది ఎక్కువగా పొడుగు పిల్లల కోసం. ఐదడుగుల ఎనిమిది అంగుళాల గార్డులు వాళ్లకు వాళ్ల ఊళ్లలోనే దొరుకుతారు.

అలాగని ఎత్తు చూసి మీవాణ్ణి నిరుత్సాహపరచకండి. జపాన్ పాయింట్ గార్డ్ యూకీ కవామురా ఎత్తు 172 సెంటీమీటర్లు, అంటే దాదాపు మీవాడి ఎత్తే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద 29 పాయింట్లు కొట్టాడు. అదే ఏడాది మెంఫిస్ గ్రిజ్లీస్ జట్టుతో ఎన్‌బీఏలో అడుగుపెట్టాడు. అతను పదహారో ఏట అమెరికా విమానం ఎక్కలేదు. జపాన్ హైస్కూల్ టోర్నీల్లో ఆడి, సొంత దేశపు బి-లీగ్‌లో 2022-23 సీజన్‌కు అత్యుత్తమ ఆటగాడిగా నిలిచి, ఆ తర్వాతే సముద్రం దాటాడు. ముందు ఇక్కడ పై మెట్టు ఎక్కాలి. మీవాడికి నేను చెప్పేదీ అదే.

ఇక్కడ ప్రొఫెషనల్ అంటే ఏమిటో ఇంట్లో అందరూ ఒకసారి స్పష్టంగా మాట్లాడుకోండి. మన దేశంలో క్రికెట్‌కు, కబడ్డీకి ఉన్నట్టు ఏడాదికేడాది నిలకడగా నడిచే బాస్కెట్‌బాల్ లీగ్ ఇంకా స్థిరపడలేదు. 2015లో యూబీఏ లీగ్ వచ్చింది, కొన్ని సీజన్లు నడిచి ఆగిపోయింది. 2022లో బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ అండతో ఐఎన్‌బీఎల్ మొదలైంది. ఇలాంటి లీగ్‌ల డబ్బు మీద ఇల్లు గడవదు. మన ఆటగాళ్లకు నెలనెలా జీతం వచ్చేది డిపార్ట్‌మెంట్ జట్ల నుంచి. రైల్వేస్, ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, ఓఎన్‌జీసీ, ఇన్‌కం ట్యాక్స్, పోలీస్, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ లాంటివి. వారణాసి నుంచి వచ్చిన గార్డ్ విశేష్ భృగువంశి భారత జట్టుకు కెప్టెన్‌గా చేశాడు, 2017లో ఆస్ట్రేలియా లీగ్‌లోని అడిలైడ్ జట్టుతో ఒప్పందం చేసుకున్నాడు, 2020లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆయనకూ ఓఎన్‌జీసీలో ఉద్యోగం ఉంది. భారత బాస్కెట్‌బాల్‌లో పైస్థాయి జీవితం ఇలాగే ఉంటుంది. ఉద్యోగం, జట్టు, మధ్యలో లీగ్‌లు, అదృష్టం కలిసొస్తే భారత జెర్సీ. ఇది చిన్న విషయం కాదు. మీవాడు ఈ చిత్రాన్ని మనసారా ఇష్టపడితేనే ముందుకు వెళ్లాలి.

ఇప్పుడు అసలు నిర్ణయానికి వద్దాం. అది ఇంటర్. తిరుపతిలో పదో తరగతి దాకా బాగా ఆడే పిల్లలు చాలామంది కనిపిస్తారు. డిగ్రీకి వచ్చేసరికి వాళ్లలో ఎంతమంది మిగిలారో మీ కోచ్‌ని అడగండి. పిల్లలు ఆట మానేసేది ఎక్కువగా ఓడిపోయి కాదు, రెసిడెన్షియల్ హాస్టల్‌లో చేరి. తెల్లవారుజామున లేపి స్టడీ అవర్, రాత్రి పది దాకా మళ్లీ స్టడీ అవర్, ఆదివారం వీకెండ్ టెస్ట్. చాలా క్యాంపస్‌లలో గ్రౌండే ఉండదు, నాలుగు అంతస్తుల బిల్డింగ్, కింద పార్కింగ్ మాత్రమే. పాయింట్ గార్డ్‌కు ఇది మిగతావాళ్లకన్నా ఎక్కువ నష్టం. పొడుగు కుర్రాడు రెండేళ్లు ఆట మానినా ఎత్తు ఎక్కడికీ పోదు. బంతి మీద పట్టు, ఎదుటివాడు ఎటు కదులుతాడో ముందే కనిపెట్టే చూపు మాత్రం ఆడకపోతే పోతాయి. పదహారు, పదిహేడేళ్ల వయసులోనే ఇవి గట్టిపడాలి.

దీనికి తోడు కాగితాల సమస్య ఉంది. ఇంటర్ పిల్లలు స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ అండర్-19 సెలెక్షన్స్‌కు కాలేజీ తరఫునే వెళ్లాలి. ఎంట్రీ ఫారం మీద ప్రిన్సిపాల్ సంతకం కావాలి. కాలేజీ పంపకపోతే మీవాడు ఎంత బాగా ఆడినా ఆ దారి మూసుకుపోయినట్టే. అందుకని అడ్మిషన్ ఫీజు కట్టే ముందు ప్రిన్సిపాల్ దగ్గర కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. అండర్-19 సెలెక్షన్స్‌కు పంపుతారా? స్టేట్ క్యాంప్, నేషనల్స్ వస్తే అటెండెన్స్ ఇస్తారా? సాయంత్రం ఐదింటికల్లా అబ్బాయిని బయటికి వదులుతారా? మూడింటికీ అవునంటేనే చేర్చండి. చిన్న కాలేజీ అయినా ఫర్వాలేదు. తిరుపతిలోనే డే స్కాలర్‌గా ఉండి, ఇంటి తిండి తింటూ, ఉదయం ఒక సెషన్, సాయంత్రం ఒక సెషన్ ఆడగలిగే ఏర్పాటు కన్నా మంచిది ఈ వయసులో లేదు.

వాళ్లమ్మగారి భయం న్యాయమైనదే. ఆమెతో వాదించకండి. ఎంపీసీ తీసుకోవచ్చు, కానీ జేఈఈ లక్ష్యంగా వద్దు. జేఈఈ, సీరియస్ బాస్కెట్‌బాల్ ఒకే రెండేళ్లలో కుదరవు, ఏదో ఒకటి దెబ్బతింటుంది. ఈఏపీసెట్ స్థాయి ప్రిపరేషన్ అయితే కుదురుతుంది. లెక్కల మీద ఇష్టం లేకపోతే సీఈసీ తీసుకుంటే చదువుకూ ఆటకూ రెండింటికీ ఊపిరాడుతుంది. సైన్స్ మీద, శరీరం ఎలా పనిచేస్తుందన్న దాని మీద ఆసక్తి ఉంటే బైపీసీ గురించి ఆలోచించండి. మన ఊళ్లో స్విమ్స్‌లోనే ఫిజియోథెరపీ కోర్సు ఉంది. రేపు ఆడలేకపోయినా ఆటగాళ్ల మధ్యే బతకొచ్చు. బీపీఎడ్ చేసి ఫిజికల్ డైరెక్టర్ కావడం, పాటియాలా ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా చేయడం కూడా ఉన్నాయి. కానీ ఇవి డిగ్రీ తర్వాతి మాటలు, ఇప్పుడే తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

సర్టిఫికెట్ల గురించి ఒక చేదు నిజం. మీవాడి దగ్గరున్న జిల్లా సర్టిఫికెట్‌తో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం రాదు. స్పోర్ట్స్ కోటాలో వాళ్లు చూసేది వేరు. రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే ఫారం-2, యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ ఆడితే ఫారం-3, రాష్ట్ర స్కూల్ జట్టుకు జాతీయ స్కూల్ గేమ్స్ ఆడితే ఫారం-4. ఎవరు సంతకం చేయాలో కూడా ఆ ఫారాల మీదే ఉంటుంది. టోర్నీ అయిన వారంలోనే సంతకాలు చేయించుకోండి. అధికారులు మారిపోయాక తిరగడం నరకం. రైల్వే స్పోర్ట్స్ కోటా ఓపెన్ నోటిఫికేషన్లలో సాధించిన విజయాలకు 50 మార్కులు, ట్రయల్స్‌లో ఆటకు, ఫిట్‌నెస్‌కు 40, చదువుకు 10 ఇస్తారు. డిగ్రీ ఉంటే మెరుగైన పే లెవెల్ పోస్టులకు అర్హత కూడా వస్తుంది. మీవాడికి ఈ లెక్క చూపించండి. చదువు ఎందుకో మీరు చెప్పేకన్నా అది బాగా చెబుతుంది. జనన ధృవీకరణ పత్రం, ఆధార్, పదో తరగతి మెమో మూడింటిలో పుట్టిన తేదీ ఒకటే ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. తేడా ఉంటే వయసు విభాగాల టోర్నీల్లో తిప్పలు తప్పవు.

ఇక మద్రాసు సంగతి. తిరుపతిలో ఉన్న మనకు ఉన్న పెద్ద అదృష్టం అదే, దాన్ని వాడుకునేవాళ్లే తక్కువ. దేశంలో బాస్కెట్‌బాల్ బలంగా ఉన్న ఊళ్లలో చెన్నై ఒకటి. పురుషుల్లో తమిళనాడు జట్టు ఎప్పుడూ ముందు వరుసలో ఉంటుంది. పొద్దున రైలెక్కితే మూడు, నాలుగు గంటల్లో అక్కడ ఉంటాం. వేసవి సెలవుల్లో టోర్నమెంట్లు చూపించండి. బ్యాంకు జట్ల గార్డులు ప్రెస్‌ను, అంటే ఎదుటివాళ్లు మీద పడి అడ్డుకోవడాన్ని ఎలా దాటుతారో, ఎంత తక్కువ డ్రిబుల్స్‌లో ఎంత దూరం పోతారో దగ్గర నుంచి చూడనివ్వండి. మీ కోచ్ ద్వారా అక్కడి క్లబ్బుల్లో ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఏర్పాటు చేయించుకోండి. అయితే ఇంటర్‌కే అక్కడికి మకాం మార్చకండి. తమిళనాడు జూనియర్ జట్టులో చోటు కోసం పోటీ విపరీతంగా ఉంటుంది. ఆంధ్ర జట్టులో చోటు సంపాదించడం అంతకన్నా సాధ్యమైన పని. ఫారం-2 ఏ రాష్ట్రం పేరు మీద ఉన్నా విలువ ఒకటే. అండర్-18 దాకా ఆంధ్ర తరఫున ఆడి, డిగ్రీకి చెన్నై వెళ్లండి. మద్రాస్ యూనివర్సిటీ కాలేజీలు, ఎస్‌ఆర్‌ఎం లాంటివి మంచి ఆటగాళ్లకు ట్రయల్స్ పెట్టి ఫీజు రాయితీలు ఇస్తాయి. అక్కడ దొరకకపోతే ఎస్వీ యూనివర్సిటీ జట్టు తరఫున సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ టోర్నీ ఆడినా డిపార్ట్‌మెంట్ కోచ్‌ల కళ్లలో పడొచ్చు.

మీ ఊళ్లో పది మంది దొరకని రోజున త్రీ-ఆన్-త్రీ ఆడించండి. టోక్యో ఒలింపిక్స్ నుంచి అది ఒలింపిక్ క్రీడ. సగం కోర్టు, 12 సెకన్ల షాట్ క్లాక్. బంతి చేతిలో ఉన్నవాడికి ఆలోచించే టైమ్ ఉండదు, గార్డ్‌కు అది మంచి కసరత్తు.

చివరగా, మీవాడిలో నిజంగా ఎంత సరుకు ఉందో తెలుసుకోవడానికి పాయింట్లు లెక్కపెట్టకండి. వచ్చే ఐదు మ్యాచ్‌లకు ఒక నోట్‌బుక్ తీసుకెళ్లండి. అతని పాస్ వల్ల వచ్చిన బుట్టలు ఎన్ని, అతను పోగొట్టిన బంతులు ఎన్ని? మొదటిది రెండోదానికి రెట్టింపు ఉంటే చాలా బాగున్నట్టు. ఎదుటివాళ్లు ఫుల్ కోర్ట్ ప్రెస్ పెట్టినప్పుడు ఎనిమిది సెకన్లలో సగం కోర్టు దాటించాడా? అప్పుడు కళ్లు బంతి మీద ఉన్నాయా, మనుషుల మీద ఉన్నాయా? ఎడమ వైపుకు తోసినప్పుడు ఎడమ చేత్తోనే పోయాడా, తిరిగి కుడికి వచ్చేశాడా? తోటి ఆటగాడు అడ్డంగా నిలబడి స్క్రీన్ పెడితే, డిఫెండర్ దాని వెనక నుంచి జారుకున్నప్పుడు 6.75 మీటర్ల గీత బయట నుంచి ధైర్యంగా షాట్ వేశాడా? ఈ ఎత్తుకు ఆ షాట్ లేకపోతే సీనియర్ స్థాయిలో డిఫెండర్లు దగ్గరికే రారు, లోపల గుంపు కట్టి నిలబడతారు. బంతి పోగొట్టుకున్నాక పరిగెత్తి వెనక్కి వచ్చాడా, చేతులు ఎగరేసి నిలబడ్డాడా? చివరి రెండు నిమిషాల్లో అతని గొంతు మీకు గ్యాలరీలోకి వినిపించిందా?

అవన్నీ రాసి కోచ్‌కి చూపించండి, అబ్బాయితో కలిసి కూర్చుని మాట్లాడండి. ఎడమ చేయి, బయటి షాట్ రెండూ ఇంకా రాలేదంటే కంగారు పడొద్దు, పదిహేనేళ్లకు అవి నేర్చుకోవడానికి టైమ్ ఉంది. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్లు మాత్రం ముట్టుకోనివ్వకండి. నిషేధిత పదార్థం కలిసిన డబ్బా ఒక్కటి చాలు, డోపింగ్ పరీక్షలో దొరికితే తెలియక తాగానన్న మాటతో బయటపడడం చాలా కష్టం. గుడ్లు, పాలు, పప్పు, వేళకు నిద్ర చాలు.

ఐదు మ్యాచ్‌ల లెక్క పూర్తయ్యాక, కాలేజీ ప్రిన్సిపాల్ ఇచ్చిన జవాబులతో కలిపి నాకు మళ్లీ రాయండి. పదో తరగతి ఫలితాలు వచ్చేలోపు రాస్తే అడ్మిషన్ గురించి వివరంగా మాట్లాడుకోవచ్చు.