బొమ్మ కోసం ఎఫ్‌డీ రద్దు చేయాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల చెరువు కౌలుకు తీసుకుని వెనామీ రొయ్య వేస్తున్నాను. కొత్త ఇంటి హాల్లోకి అమెరికా చిత్రకారుడు థామస్ కోల్ వేసిన ‘ది ఆర్కిటెక్ట్స్ డ్రీమ్’ నకలు, చేత్తో వేసింది, ఏడడుగుల వెడల్పుది రూ.1,80,000కు ఇస్తామని ఒక డీలరు అంటున్నారు. మూడేళ్ల తర్వాత రెట్టింపు ధరకు తామే తిరిగి కొంటామని కాగితం రాసిస్తారట. నా దగ్గర రూ.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. వచ్చే జూన్‌లో అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు లక్షన్నర కట్టాలి. ఎఫ్‌డీ రద్దు చేసి కొనవచ్చా?

జవాబు: బొమ్మ నచ్చితే కొనుక్కోండి. పెట్టుబడి అనుకుని మాత్రం వద్దు. ఎఫ్‌డీ జోలికి అసలు వెళ్లకండి.

మూడేళ్లలో రెట్టింపు కావాలంటే ఏడాదికి 26 శాతం పెరగాలి. అదే సొమ్ము 7 శాతం ఎఫ్‌డీలో సుమారు రూ.2.20 లక్షలవుతుంది. డీలరు ఇస్తానంటున్నది రూ.3.60 లక్షలు. పై లక్షా నలభై వేలు ఎక్కడి నుంచి తెస్తాడు? తన జేబులోంచి, లేదంటే మీ తర్వాత కొన్నవాళ్ల డబ్బులోంచి. ఆ కాగితం వెనక తాకట్టు లేదు, బ్యాంకు గ్యారంటీ లేదు. అతను దుకాణం కట్టేస్తే మీ చేతిలో మిగిలేది బొమ్మే.

ఆ బొమ్మకు బయట గిరాకీ ఉండదు. అసలు చిత్రం 1840 నాటిది. ఈజిప్టు పిరమిడ్డు, గ్రీకు, రోమన్ కట్టడాలు, ఎడమవైపు నీడలో గోతిక్ చర్చి, అన్నీ ఎవరూ కట్టని ఒకే ఊహానగరంలో ఉంటాయి. ఇథియెల్ టౌన్ అనే వాస్తుశిల్పి వేయించుకున్నారు, ప్రతిఫలంలో కొంత పుస్తకాల రూపంలో ఇస్తామన్నారు. తీరా చూశాక నచ్చక తీసుకోలేదు. వేయించుకున్నవాడే కాదన్న బొమ్మ ఇప్పుడు అమెరికాలోని టొలీడో మ్యూజియంలో ఉంది. విలువంతా ఆ ఒక్క కాన్వాసుది. కోల్ 1848లో చనిపోయారు. మన చట్టంలో కాపీరైట్ చిత్రకారుడి మరణానంతరం 60 ఏళ్లే. కాబట్టి నకలు వేయించుకోవడం తప్పు కాదు. అంటే రేపు ఎవరైనా ఇంకోటి వేయించుకోవచ్చు, మీది కొనాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. ఒకవేళ నిజంగా రెట్టింపు ఇచ్చినా, చిత్రాలు పన్ను లెక్కలో ఇంట్లో వాడుకునే సామాను కిందకు రావు. రెండేళ్లు దాటాక లాభం మీద 12.5 శాతం, దానిపై సెస్సు కలిపి రూ.23,400 కట్టాలి.

ఎఫ్‌డీలో ఫీజు పోగా మిగిలేది మూడున్నర లక్షలు. నాలుగెకరాల్లో ఒక్కసారి వైట్ స్పాట్ తెగులు వచ్చి రొయ్య పోతే మేత బాకీకే చాలవు. ఈ పంట పట్టి, బాకీలు తీర్చాక చేతిలో మిగిలిన లాభంలోంచి కొనుక్కోండి. ఆగలేకపోతే చిన్న సైజు చూడండి. వెడల్పు, ఎత్తు సగం చేస్తే కాన్వాసు పావు వంతే పడుతుంది. ధర పావుకు రాదు, స్తంభాలూ గీతలూ అన్నే ఉంటాయి కదా.

కొనేటప్పుడు అసలు చూసుకోవాల్సింది ఇక్కడుంది. కాన్వాసు మీద ప్రింటు తీసి, పైన జెల్ పూసి ‘చేతిపని’ అని అమ్మేవాళ్లున్నారు. భూతద్దంతో చూస్తే ప్రింటులో సన్నని చుక్కలు కనిపిస్తాయి. పైన పూసిన జెల్ గీతలు కింది బొమ్మ గీతలతో సంబంధం లేకుండా తిరుగుతాయి. ఇలాంటి కట్టడాల బొమ్మల్లో మనిషి ముఖం కాస్త తేడా వచ్చినా చెల్లుతుంది గానీ, నిలువు గీత ఒరిగితే గుడి మొత్తం కూలుతున్నట్టుంటుంది. అందుకే పెన్సిల్ గీతల దశలోనే ఫొటో అడిగి, స్తంభాల మీద స్కేలు పెట్టి చూడండి. అసలు బొమ్మలో పెద్ద స్తంభం మీద వాస్తుశిల్పి పుస్తకాల నడుమ పడుకుని ఉంటాడు. ఆ స్తంభం మీద కోల్ పేరు, టౌన్ పేరు, 1840 అని రాసి ఉంటుంది. నకలులో ఆ అక్షరాలు పిచ్చిగీతలైతే చిత్రకారుడికి ఇచ్చిన ఫొటో మసకదని అర్థం. ఏడడుగులంటే 84 అంగుళాలు. అంగుళానికి వంద పిక్సెళ్ల చొప్పున 8,400 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో ఫైలు చిత్రకారుడి దగ్గర ఉండాలి.

డబ్బు ఒకేసారి ఇవ్వకండి. అడ్వాన్సు 20 శాతం, గీతలు సరిచూసుకున్నాక 30, పని పూర్తయ్యాక 40, గోడకు ఎక్కించాక మిగతా 10. కాన్వాసు, ఫ్రేము, రవాణా విడివిడిగా బిల్లులో రాయించుకోండి. చేత్తో వేసిన చిత్రాలకు జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే, పాత 12 వేస్తే నిలదీయండి.

మన డెల్టాలో బొమ్మను పాడుచేసేది తేమ. ఇంత వెడల్పు చట్రానికి మధ్యలో అడ్డబద్దలు, మూలల్లో బిగించుకునే చీలలు ఉండాలి. వానాకాలం కాన్వాసు వదులవుతుంది, చీలలు మెల్లగా కొడితే బిగుస్తుంది. చట్రం ఎండిన టేకుతో చేయించండి, పచ్చి కర్ర మెలిక తిరుగుతుంది. కొత్త ఇంటి ప్లాస్టరింగ్‌లో తడి ఉంటుంది కాబట్టి ఒక వానాకాలం గడిచాకే తగిలించండి, అదీ వాన కొట్టని లోపలి గోడకే. వెనక అరంగుళం ఖాళీ వదలండి, ప్లైవుడ్‌తో మూసేస్తే బూజు పడుతుంది. పూజగదికి దూరంగా పెట్టండి, సాంబ్రాణి పొగ నూనె రంగుకు అంటుకుంటే వదలదు. ఇల్లు ఇన్సూర్ చేస్తే బొమ్మను విలువతో సహా విడిగా రాయించండి. వార్నిష్ ఆరు నెలల తర్వాత వేస్తారు, ఆ పని కూడా ఇదే ధరలో చేస్తారని ఇప్పుడే బిల్లు మీద రాయించుకోండి.