వాచీ 48 గంటలు రెస్ట్ తీసుకోమంటే నిజంగానే ఆగాలా?

మీరు అడిగింది ఇది: పరుగు మొదలుపెట్టి నెలన్నరైంది, పరిగెత్తిన ప్రతిసారీ వాచీ 48 గంటలు రికవరీ అంటోంది, కాళ్లు మాత్రం బాగానే ఉన్నాయి, ఏం చెయ్యాలి అని. నాకు రెండేళ్ల క్రితం దీనికి సరిగ్గా రివర్స్‌లో జరిగింది. కాళ్లు వద్దంటుంటే వాచీ వెళ్లమంది. నేను వాచీ మాట విన్నాను.

అప్పుడు బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు ఉండేవాళ్లం. వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున కైకొండ్రహళ్లి చెరువు దగ్గర పరుగు. ఏప్రిల్‌లో 10కె (పది కిలోమీటర్ల పరుగు పోటీ) ఉందని మూడు కిలోమీటర్ల నుంచి రెండు నెలల్లో ఎనిమిదికి పెంచేశాను. నిద్రలో నాడి నిమిషానికి 64 ఉండేది 58కి దిగింది. ఆ అంకె తగ్గుతుంటే ఎంత సంతోషంగా ఉండేదో! ఒకరోజు మెట్లు దిగుతుంటే మా ఆవిడ చూసి, "గోడ పట్టుకుని దిగుతున్నారు, ఇంకా పరుగేంటండీ?" అంది. వాచీలో పరుగుకి సిద్ధమని చెప్పే ఆకుపచ్చ రంగు చూపించి మరీ వెళ్లాను. ఆ వారమే కుంటుకుంటూ ఇంటికొచ్చాను. ఆరు వారాలు పరుగు బంద్, 10కె కూడా పోయింది.

ఫిజియో దగ్గరికి వెళితే మోకాలికీ చీలమండకీ మధ్య ఉన్న పెద్ద ఎముక లోపలి అంచు మీద బొటనవేలితో కింద నుంచి పైకి నొక్కుతూ వచ్చారు. జానెడు మేర నొప్పి. షిన్ స్ప్లింట్స్ అన్నారు, అంటే పరుగు ఒత్తిడికి ఆ ఎముక వెంబడి వచ్చే నొప్పి. నొప్పి అలా పరుచుకుని కాకుండా వేలికొన పట్టేంత ఒక్కచోటే ఉంటే ఎముకలో పగులు మొదలవుతూ ఉండొచ్చని, అప్పుడు పరుగు ఆపేసి వెంటనే డాక్టర్‌కి చూపించుకోవాలని చెప్పారు. వాచీ అడుగున వెలిగే పచ్చ లైటు చర్మం కింద రక్తం కదలికను పట్టి నాడిని లెక్కిస్తుంది, అంతే. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముకలకీ స్నాయువులకీ నెలలు పడుతుంది. కొత్తగా పరిగెత్తేవాళ్లకి దెబ్బ తగిలేది సాధారణంగా ఈ తేడాలోనే, దాన్ని చూపించే సెన్సర్ మణికట్టు మీద లేదు.

ఇక మీ 48 గంటల సంగతి. గార్మిన్ లాంటి వాచీల్లో ఆ అంకెకి అర్థం మంచం దిగొద్దని కాదు, ఇంకో గట్టి వర్కౌట్‌కి సిద్ధం కావడానికి అంత టైమ్ పడుతుందని. పైగా లెక్క మొదలయ్యేదే ఒక అంచనాతో. మీరు మార్చకపోతే చాలా వాచీలు గరిష్ఠ హార్ట్ రేట్‌ని 220లోంచి వయసు తీసేసి పెట్టుకుంటాయి. 34 ఏళ్లకి 186 అన్నమాట. నాకు ఛాతీకి కట్టే స్ట్రాప్‌తో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు 197 కనిపించింది. గరిష్ఠం తక్కువగా పెట్టుకుంటే మామూలు పరుగు కూడా వాచీకి గట్టి పరుగులా కనిపిస్తుంది. అది సెట్టింగ్స్‌లో మార్చాక, అదే మామూలు పరుగుకి రికవరీ గంటలు సగానికి తగ్గాయి.

పట్టీ వదులుగా ఉన్నా తప్పు చూపిస్తుంది. ఒక్కోసారి వాచీ నాడిని వదిలేసి అడుగుల లయని పట్టుకుంటుంది. తాపీగా వెళ్తున్నా 165, 170 అని చూపిస్తుంటే అనుమానించండి. ఆగిన వెంటనే మెడ పక్కన వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించి చూడండి. వాచీని మణికట్టు ఎముకకి ఒక వేలు పైన బిగించి కట్టుకోండి. అంకెలన్నీ సరిగ్గా ఉండి, పక్కవాళ్లతో ఒక్క వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోతున్నారంటే మీరు నిజంగానే వేగంగా వెళ్తున్నారు, అప్పుడు 48 గంటలు న్యాయమే.

నేను ఇప్పుడు వాచీలో రోజూ చూసేది నిద్రలో నాడి ఒక్కటే, అదీ నా గత మూడు వారాల సగటుతో పోల్చి. మామూలుగా 58 ఉండేది ఒకరోజు పొద్దున 67 చూపించింది, ఒంట్లో ఏమీ తెలియలేదు, సాయంత్రానికి జ్వరం. ఆరోజు పరుగు మానేసి మంచి పని చేశాను. కానీ ఒంగోలు నుంచి నైట్ బస్సులో వచ్చిన మర్నాడు కూడా అది పెరుగుతుంది, రాత్రి పదకొండింటికి బిర్యానీ తిన్నా పెరుగుతుంది. కారణం తెలిస్తే టెన్షన్ అక్కర్లేదు, ఆరోజు నెమ్మదిగా వెళ్తే చాలు. కారణం తెలియకుండా వరసగా రెండు మూడు రోజులు ఎక్కువుంటే ఆగుతాను. హెచ్‌ఆర్‌వీని (గుండె చప్పుళ్ల మధ్య వ్యవధిలో వచ్చే తేడాని) మాత్రం ఎవరితోనూ పోల్చుకోకండి. నాది 38, మా ఆఫీసులో ఒకరిది 80, ఇద్దరం బాగానే ఉన్నాం.

రేపు పొద్దున మంచం దిగగానే మోకాలి కింది ఆ పెద్ద ఎముక లోపలి అంచు పొడవునా బొటనవేలితో నొక్కి చూసుకోండి, ఒంటికాలి మీద పదిసార్లు గెంతండి. ఎక్కడా నొప్పి లేకపోతే, వాచీలో ఇంకా 20 గంటలు మిగిలున్నా సరే, మాట్లాడుకుంటూ వెళ్లే వేగంతో మూడు కిలోమీటర్లు వెళ్లి రండి. నొప్పి ఉంటే, వాచీ ఎంత పచ్చగా చూపించినా వెళ్లకండి.