ఫ్యాషన్ ఫొటోలు మానేసి ప్రకృతి వైపు వెళ్తానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఆరేళ్లుగా చీరల క్యాటలాగ్‌లు, నగల ఫొటోలు తీస్తున్నాడు. ఇప్పుడు అవన్నీ మానేసి ప్రకృతి ఫొటోలు, సొంత ప్రాజెక్టులు చేస్తానంటున్నాడు. పెద్ద లెన్స్ కోసం అప్పుకీ సిద్ధపడ్డాడు. ఒప్పుకోమంటారా?
– ఒక తండ్రి, మచిలీపట్నం

జవాబు: ప్రకృతి వైపు వెళ్లడానికి సంతోషంగా ఒప్పుకోండి. అప్పుకి, చేతిలో ఉన్న పని మానేయడానికి మాత్రం ఒప్పుకోవద్దు. ఇర్వింగ్ పెన్ అంతటి ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ 1967 నుంచి 1973 వరకు వోగ్ పత్రికకు ఏటా పూల ఫొటోలు తీశారు. ఫ్యాషన్ పని వదల్లేదు.

నగలు తీసేవాళ్ల దగ్గర సాధారణంగా చిన్నవాటిని దగ్గరగా తీసే 100 ఎంఎం మాక్రో లెన్స్, ఫ్లాష్, దాని వెలుగును మెత్తబరిచే సాఫ్ట్‌బాక్స్ ఉంటాయి. పూలకు, ఆకులకు, పురుగులకు అవే చాలు. లైటింగ్ మీద ఆరేళ్ల పట్టు ఇక్కడే అక్కరకొస్తుంది. కష్టం ఫోకస్ దగ్గర. వస్తువు సెన్సర్ మీద అసలు సైజులో పడేంత దగ్గరికి వెళ్తే, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/11కి చిన్నది చేసినా ఫోకస్‌లో ఉండే మందం రెండు మిల్లీమీటర్లు దాటదు. ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ 15–20 ఫ్రేములు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలపాలి. నగ కదలదు, ఆకు ఊరుకోదు. మధ్యలో గాలి వీచిందంటే అంచులు రెండేసిగా కనిపిస్తాయి. గాలి తక్కువగా ఉండే పొద్దుటి పూట, కాడను క్లిప్పుతో పట్టి ఉంచి తీయాలి.

పక్షుల పని వేరు. స్టూడియోలో 1/160 సెకను షట్టర్, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100 అలవాటైన చెయ్యి ఎగిరే పక్షికి 1/2000 సెకను, ఐఎస్ఓ 1600–3200కి మారాలి. దూరపువాటిని దగ్గరగా చూపే 150–600 ఎంఎం జూమ్ లెన్స్ అద్దెకు తీసుకుని చలికాలంలో పులికాట్ వెళ్లి రమ్మనండి. ఎండెక్కాక వేడిగాలి వల్ల దూరపు ఫ్లెమింగో ఫొటో మసకగా వస్తుంది. అది లెన్స్ లోపమనుకుని చాలామంది ఇంకా ఖరీదైనది కొంటారు, ఫలితం మారదు. గూళ్ల జోలికి అసలు పోవద్దు. తల్లిపక్షి బెదిరి లేచిపోతే గుడ్లు ఎండకు పాడవుతాయి, లేదా కాకుల పాలవుతాయి. అభయారణ్యాల్లో ఫొటోలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. డ్రోన్ ఆలోచన మానుకోమనండి.

సొంత ప్రాజెక్టుకు దూరం వెళ్లక్కర్లేదు. మీ పక్కనే పెడన ఉంది. కలంకారీ రంగులకు వాడే కరక్కాయ, మంజిష్ఠ, నీలి మొక్క, దానిమ్మ తొక్క: వీటిని ఒకే బ్యాక్‌గ్రౌండ్ మీద, ఒకే లైటింగ్‌లో, రంగు పడిన గుడ్డతో కలిపి ఏడాది పాటు తీయమనండి. చివరికి ఇరవై ఫొటోలు నిలిస్తే చాలు. ప్రతి దానికీ తెలుగు పేరు, శాస్త్రీయ నామం, ఊరు, తేదీ రాసి పెట్టుకోవాలి. చీరలు తీసినవాడు ఆ చీర రంగు పుట్టిన మొక్కను చూపిస్తే సహజ రంగులతో పనిచేసే డిజైనర్లు ఆసక్తిగా చూస్తారు. ప్రకృతి ఫొటో విడిగా అమ్మితే వచ్చేది తక్కువ. ఇలాంటి సిరీస్ చూపించి తెచ్చుకునే అసైన్‌మెంట్లే ఇల్లు గడుపుతాయి.

పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటలాగ్ పని, ముహూర్తాలు లేని ఆషాఢంలో, శూన్యమాసాల్లో ప్రాజెక్టు. రెండేళ్లు ఇలా నడవనివ్వండి. ప్రకృతి ఫొటోల మీద వచ్చిన డబ్బుతోనే ఆరు నెలల లెన్స్ అద్దె కట్టగలిగితే, అప్పుడు సెకండ్ హ్యాండ్‌ది కొనొచ్చు. కొనేముందు లోపల టార్చి వేసి ఫంగస్ ఉందేమో చూడాలి. సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లో అయితే లెన్స్‌ని 40–50 శాతం తేమ ఉండే డ్రై క్యాబినెట్‌లోనే దాచాలి.