త్రిశూలం స్టేషన్‌లో దిగి చూడు

చిరంజీవికి మైలాపూరు నుంచి ఆశీస్సులు.

చెన్నై చరిత్ర మీద నీ వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. మీనంబాక్కంలో విమానం దిగావు, టాక్సీ ఎక్కావు, సెయింట్ జార్జి కోట దగ్గరికొచ్చాక గానీ చరిత్ర మొదలుపెట్టలేదు. విమానాశ్రయాన్ని వట్టి గుమ్మంలా దాటేశావు. నాకు అదే నచ్చలేదు.

ఈసారి సబర్బన్ రైల్లో వెళ్లు. విమానాశ్రయం ఎదురుగానే త్రిశూలం స్టేషన్. దిగి పది నిమిషాలు ఊరికే నిలబడు. ఒక పక్క విమానాలు, ఇంకో పక్క కంకర కోసం తొలిచేసిన కొండలు, ఆ కొండల నడుమ చోళుల నాటి శివాలయం. పక్క ఊరు పల్లావరం. 1863 మే 30న భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కి అక్కడి ఎర్ర కంకర గుంటలో ఆదిమానవుడు చెక్కిన రాతి పనిముట్టు దొరికింది. మన దేశంలో పాత రాతియుగం మనుషులు తిరిగారని తేల్చిన రాయి అది. ఇంగ్లీషు కంపెనీ కోట కోసం ఇక్కడ నేల పుచ్చుకున్న 1639 కంటే అదెంత వెనకటి మాటో చూడు! రెండో రన్‌వే అడయారు నది మీద వంతెనలా సాగుతుంది. 2015 డిసెంబరు వరదల్లో రోజుల తరబడి విమానాలు ఆగిపోయాయి. ఏటి సంగతి లేకుండా ఈ విమానాశ్రయం కథ ఎలా రాస్తావు?

ఆ నేల ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయిందని మురిసిపోతూ రాశావు. మురిసిపో, నేనూ మురుస్తాను. కానీ ఆ పేజీలో ఇల్లు కట్టిన మనిషి ఒక్కడూ లేడు.

జార్జిటౌన్‌లో మా తాతగారి ఇల్లు పడగొట్టేనాటికి నాకు నలభై దాటాయి. పాత కట్టడాల మీద అప్పటికే చాలా రాశాను. కూలిన గోడలోంచి ఒక పెచ్చు చేతిలోకి తీసుకున్నాను. పైపొర పాలరాయిలా నున్నగా ఉంది. వెనక్కి తిప్పితే సున్నంలో కాలకుండా మిగిలిపోయిన గవ్వ ముక్క. "గుల్ల సున్నం సార్. ఇప్పుడెవరు నూరుతారు?" అన్నాడు మేస్త్రీ. అన్నేళ్లూ ప్రారంభోత్సవాల తేదీలే రాసుకుంటూ పోయానని ఆ రోజు బాధేసింది. పెచ్చు ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

రెండో పేజీలో సెంట్రల్ స్టేషన్ 1873, హైకోర్టు 1892, రిప్పన్ భవనం 1913 అని వరస పెట్టావు. ఒక్కటి ఉంచుకుని మిగతావి కొట్టెయ్. హైకోర్టు ఉంచుకుంటే, దాని గుమ్మటం మీద ఓడలకు దారి చూపే దీపం వెలిగేదన్న సంగతి పట్టుకో. 1977లో మెరీనాలో కొత్త లైట్‌హౌస్ వచ్చేదాకా అక్కడే వెలిగింది. రాత్రిపూట సముద్రం మీంచి ఆ వెలుగు చూసిన పల్లెకారుల ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా ఉంటారు. వెళ్లి అడుగు.

పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు అన్నం మాని 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన ఇల్లు రాయపేట హైరోడ్డులో ఉంది. ఆయన గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. ఆ గడప తొక్కకుండా రెండో వాక్యం రాయకు తల్లీ.

ఆదివారం పొద్దున ఏడింటికి మాంబళం స్టేషన్‌లో ఉంటాను. తాంబరం బండి పట్టుకుందాం. నోటుపుస్తకం తెచ్చుకో.

నీ మేలు కోరే
మాస్టారు