కాన్వెంట్ ప్రైమరీకి హెడ్ మిస్ట్రెస్‌గానా, కార్పొరేట్ స్కూల్లో కోఆర్డినేటర్‌గానా? ఒక నాన్నగారికి జవాబు

బొబ్బిలి దగ్గర ఒక ఊరి నుంచి ఒక నాన్నగారు రాశారు, ఉత్తరం పెద్దది, కుదించి చెప్తాను. వాళ్ళది క్యాథలిక్ కుటుంబం. అమ్మాయికి 25 ఏళ్ళు, ఇంటర్ తర్వాత డీఎడ్ చేసి, తర్వాత దూరవిద్యలో డిగ్రీ కట్టింది. సిస్టర్స్ నడిపే ప్రైమరీ స్కూల్లో, ఎల్‌కేజీ నుంచి ఐదు దాకా ఉన్న స్కూలు, మూడో క్లాసు చెప్తోంది, జీతం 13 వేలు. ఇప్పుడున్న హెడ్ మిస్ట్రెస్ సిస్టర్ గారికి ట్రాన్స్‌ఫర్ అట, వచ్చే జూన్ నుంచి ఆ బాధ్యత నువ్వు తీసుకోమ్మా, 18 వేలిస్తాం అన్నారట. అదే టైంలో వైజాగ్‌లో ఒక కార్పొరేట్ స్కూలు ప్రైమరీ కోఆర్డినేటర్ పోస్టు, 26 వేలు అంటోంది. మధ్యలో ఎవరో ఆన్‌లైన్‌లో స్కూల్ లీడర్‌షిప్ డిప్లొమా అని 65 వేలు కట్టమంటున్నారు. "రెండూ పోల్చి చెప్పండి మేడమ్, డీఎస్సీ కూడా చూసుకోమంటారా" అని అడిగి చివర్లో ఒక లైను రాశారు: "పిల్ల ఎప్పుడు చూసినా ఆ సిస్టర్స్ దగ్గరే ఉంటాది, సంబంధాల ఊసెత్తితే ఏటీ మాట్లాడదు."

అన్నయ్యగారూ, మీరు అడగాలనుకున్నది ఆ ఆఖరి లైనే కదా. పైన జీతాలు, పోస్టులు, డిప్లొమా అంతా దాని చుట్టూ తిరగడమే. పిల్ల పెళ్ళి మానేసి తనూ సిస్టర్ అయిపోతుందేమో అని మీ భయం. ఇలాంటి ఉత్తరాలు రాజాం నుంచి వస్తాయి, సాలూరు నుంచి వస్తాయి, పాలకొండ నుంచీ వస్తాయి, అన్నిట్లోనూ పైన జీతం, కింద ఈ భయం. క్యాథలిక్ కాని ఇళ్ళవాళ్ళైతే సిస్టర్ అయిపోతుందేమో అనే చోట మతం మారుతుందేమో అని రాస్తారు, అంతే తేడా.

అందుకని ముందు దాని గురించే చెప్తాను. సిస్టర్ అవ్వడం అనేది హెడ్ మిస్ట్రెస్ కుర్చీలో కూర్చుంటే జరిగిపోయే పని కాదండీ. ముందు ఆ సిస్టర్ల సభలో కొంతకాలం ఉండి చూడాలి, తర్వాత నోవిషియేట్, అంటే శిక్షణ కాలం, అది చర్చి చట్టం ప్రకారం కనీసం 12 నెలలు, తర్వాత తాత్కాలిక మాటపట్టు, అంటే కొంతకాలానికి చేసే ప్రతిజ్ఞ, కనీసం మూడేళ్ళు, ఆ తర్వాతే శాశ్వతం. నోవిషియేట్‌లో ఉన్న పిల్ల ఏ రోజైనా సూట్‌కేసు సర్దుకుని ఇంటికి రావచ్చు, ఎవరూ ఆపరు. బలవంతం పెట్టో భయపెట్టో మోసం చేసో చేర్చుకుంటే ఆ చేరికే చెల్లదని చట్టంలోనే రాసి ఉంది. పొరపాటున సిస్టర్ అయిపోయిన ఆడపిల్ల ఎక్కడా ఉండదు. మీ అమ్మాయికి నిజంగా ఆ పిలుపు ఉంటే మీరు వైజాగ్ పంపినా ఉంటుంది, లేకపోతే కాన్వెంట్లో పాతికేళ్ళు పనిచేసినా రాదు. ఇన్నేళ్ళలో నేను చూసిన కాన్వెంట్ టీచర్లలో నూటికి తొంభై పైన పెళ్ళిళ్ళయి పిల్లల్ని అదే స్కూల్లో చదివించుకుంటున్నవాళ్ళే.

ఇంకో మాట కొంచెం గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. సంబంధాల ఊసెత్తితే మాట్లాడదు అన్నారు, అసలు మీరు అడిగారా? నాకు నాలుగు పేజీలు రాశారు గానీ పిల్లని కూర్చోబెట్టి "అమ్మా, నీకు ఏం కావాలి" అని ఒక్క ముక్క అడిగినట్టు ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఆదివారం పూజకి వెళ్ళే మనిషి మీరు, తల్లిదండ్రులే పిల్లలకి మొదటి గురువులని మీ బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లో చదువు మీద ఇచ్చిన పత్రంలోనే ఉంది. ఇంకా మీరే రాశారు, చిన్నప్పుడు ఇదే సిస్టర్స్ మీ అమ్మాయికి ఫీజు తగ్గించి చదివించారని. అప్పుడు మంచి స్కూలు, ఇప్పుడేమో "ఆ చిన్న స్కూల్లో పడుంటే ఏటొస్తుంది" అంటున్నారు. ఇది న్యాయమేనా?

సరే, ఇక ఉద్యోగం సంగతి.

క్యాథలిక్ ప్రైమరీ స్కూల్లో హెడ్ మిస్ట్రెస్ అంటే ఏంటో మీకు బయట నుంచి కనబడేది యూనిఫారం, క్రమశిక్షణ, ఇంగ్లీషు, ఇదే. చాలామంది తల్లిదండ్రులు దానికే ఫీజు కడతారు కూడా. కానీ చర్చి ఆ స్కూలు పెట్టింది దానికోసం కాదు. మన ఉత్తరాంధ్ర వైపు 1840లలో ఇప్పటి ఫ్రాన్స్‌లోని సావోయ్ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు వచ్చారు, 1849లో అక్కడి ఆనెసీ ఊరి నుంచి సెయింట్ జోసఫ్ సిస్టర్లు వచ్చారు, వాళ్ళు మొదలుపెట్టిన పని ఇది, ఎవరికీ అక్కర్లేని పిల్లల్ని బెంచీ మీద కూర్చోబెట్టడం. శ్రీకాకుళం పీఠం, అంటే బిషప్ గారి పరిధి, 1993లో వేరుగా ఏర్పడింది, కానీ ఈ వైపు స్కూళ్ళ కథ పీఠం కంటే చాలా పాతది. ఇందాక చెప్పిన 1965 పత్రంలోనే ఉంది, డబ్బు లేని పిల్లలు, ఇంట్లో ప్రేమ దొరకని పిల్లలు, ఈ విశ్వాసంలో లేని పిల్లలు, వీళ్ళని ముందు చూసుకోవాలని. మన బొబ్బిలి, పార్వతీపురం వైపు ఇది పుస్తకంలో మాట కాదండీ. అమ్మానాన్న కట్టడం పనికి హైదరాబాదో చెన్నైయో వెళ్ళిపోతే నానమ్మ దగ్గర ఉండి బడికొచ్చే పిల్లలు ఆ స్కూల్లో ఎంతమందో మీ అమ్మాయినే అడగండి. ఆ నానమ్మకి డైరీలో ఏం రాసి పంపినా చదవడం రాదు. ఫీజు సంక్రాంతికి వలస నుంచి వచ్చినప్పుడే వస్తుంది. అలాంటి పిల్ల మూడో క్లాసుకొచ్చినా చదవలేకపోతుంటే ఎవరు కనిపెడతారు, ఎవరు పక్కన కూర్చోబెట్టుకుంటారు, ఆ టైం టేబుల్ ఎవరు సర్దుతారు, అదే హెడ్ మిస్ట్రెస్ పని. మిగతాది యూడైస్‌లో స్కూలు వివరాల ఎంట్రీలు, పిల్లల అపార్ ఐడీ నంబర్లు, గుర్తింపు రెన్యువల్, ఎంఈఓ ఆఫీసు చుట్టూ తిరగడం, అవి నేర్చుకుంటే బేగి వచ్చేస్తాయి.

చర్చి చట్టంలో ఇంకో మాట ఉంది, నాకు చాలా నచ్చేది. క్యాథలిక్ స్కూలు చదువులో కనీసం చుట్టుపక్కల స్కూళ్ళతో సమానంగా ఉండాలి, అది చూడాల్సింది దాన్ని నడిపేవాళ్ళేనని. ప్రార్థన బాగా చేయిస్తున్నాం కదా అని లెక్కలు వదిలేస్తే కుదరదు. అలాగే ఆ స్కూళ్ళలో ఎక్కువమంది పిల్లలు క్యాథలిక్కులు కారు, ఉపదేశం క్లాసు, అంటే మతబోధ, క్యాథలిక్ పిల్లలకి వేరుగా, మిగతావాళ్ళకి నీతిబోధ. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం మైనర్ పిల్లలైతే తల్లిదండ్రులు ఒప్పుకోకుండా మతబోధలో కూర్చోబెట్టకూడదు. 2024లో బిషప్పుల సమాఖ్య కూడా తమ స్కూళ్ళకి చెప్పింది, వేరే మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దొద్దు, స్కూలు అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించండి అని. ఊళ్ళో ఎవరైనా గొడవకొస్తే ముందు నిలబడి మాట్లాడాల్సింది హెడ్ మిస్ట్రెస్సే, అది 25 ఏళ్ళ పిల్లకి తేలిక కాదు, ఆ సంగతి కూడా తనకి తెలియాలి.

సిస్టర్ కాని మనిషికి ఆ కుర్చీ ఏంటి, ఏదో తాత్కాలికంగా కూర్చోబెట్టి తీసేస్తారేమో అని కూడా రాశారు. అమెరికాలో చూడండి, 1884లో బాల్టిమోర్ మహాసభలో బిషప్పులు ప్రతి చర్చి పక్కన ఒక స్కూలుండాలని తీర్మానం చేశారు, ఆ స్కూళ్ళన్నీ దశాబ్దాల పాటు సిస్టర్ల చేతుల మీదే నడిచాయి, ఇప్పుడు అక్కడ క్యాథలిక్ స్కూళ్ళ సిబ్బందిలో దాదాపు 97 శాతం సిస్టర్లూ ఫాదర్లూ కానివాళ్ళే, ప్రిన్సిపాళ్ళతో సహా. మన దగ్గర అంత లేదు, కానీ అడగడం మొదలైంది, మీ ఇంటికే వచ్చింది కదా. సిస్టర్లు ట్రాన్స్‌ఫర్ల మీద వస్తారు పోతారు, ఏ పిల్లాడి అన్నకి ఏ కష్టం వచ్చిందో గుర్తుండేది అక్కడే ఉండిపోయే టీచరుకే.

అయితే తీసెయ్యరా అంటే, తీసెయ్యొచ్చు. ఇలాంటి మైనారిటీ స్కూల్లో హెడ్‌ని ఎంచుకునే హక్కు మేనేజ్‌మెంట్‌దేనని, సీనియారిటీకి కట్టుబడక్కర్లేదని సుప్రీం కోర్టు 1998లోనే చెప్పింది. మీ అమ్మాయికి ఇప్పుడు ఇంత చిన్న వయసులో ఆ పోస్టు వస్తున్నది ఆ హక్కు వల్లే, రేపు పోయినా దానివల్లే పోతుంది.

ఇప్పుడు ఆ కార్పొరేట్ కోఆర్డినేటర్ పోస్టు. దీని మీద నాకు ముందునించీ అనుమానాలే, దాచుకోను. పేరు బాగుంటుంది, ఐడీ కార్డు మీద బాగుంటుంది, సంబంధాల వాళ్ళకి చెప్పుకోడానికి ఇంకా బాగుంటుంది. పని చూస్తే పెళ్ళింట్లో పెత్తనం లేని పెద్దమనిషి పనే, మాటలు అందరివీ పడాలి, తన మాట ఎక్కడా చెల్లదు. సిలబస్ హెడ్డాఫీసు నుంచి వస్తుంది, వారం వారం పరీక్ష పేపరూ అక్కడి నుంచే వస్తుంది, ఏ రోజు ఏ పేజీ అన్నదీ అక్కడే రాసేస్తారు. ఈవిడ చెయ్యాల్సింది టీచర్లు ఆ పేజీలో ఉన్నారా లేదా చూడ్డం, పేరెంట్లకి ఫోన్లు, ఇంకా జనవరి నుంచి జూన్ దాకా అడ్మిషన్లు, అంటే ఎండలో ఇల్లిల్లూ తిరిగి ఇన్ని సీట్లు తేవాలని టార్గెట్. ఆ టార్గెట్ సంగతి ఆఫర్ లెటర్‌లో ఉండదు, చేరాక చెప్తారు. మూడో క్లాసు పిల్లలకి ఐఐటీ ఫౌండేషన్ అని పెడతారు చూశారా, ఎనిమిదేళ్ళ గుంటడికి ఐఐటీ ఏంటండీ, వాడికి కూడికలో చేతిలో ఒకటి ఎందుకు పట్టుకోవాలో అర్థమైతే చాలు. అక్కడ వెనకబడ్డ పిల్లాడు సెక్షన్ మారతాడు, రెండేళ్ళకి స్కూలు మారతాడు. మీ అమ్మాయి మూడేళ్ళుగా ఆ వెనకబడ్డ పిల్లాడితోనే పనిచేస్తోంది, ఆ పని చేతనైన మనిషిని తీసుకెళ్ళి ఫోన్లు చేయిస్తారు. 26 వేలు అంటున్నారు గదా, వైజాగ్‌లో హాస్టలూ బస్సులూ తిండీ తీసేసి ఎంత మిగుల్తుందో మీరే కాగితం మీద వెయ్యండి.

అలాగని కాన్వెంట్లన్నీ పుణ్యక్షేత్రాలని నేననను. కొన్ని కాన్వెంట్లు కార్పొరేట్ల కంటే ముందున్నాయి, ఎల్‌కేజీ సీటుకి తల్లిదండ్రులకి ఇంటర్వ్యూ పెట్టేవి ఉన్నాయి, చదువురాని తల్లిని చూసి సీట్లైపోయాయి అనేవీ ఉన్నాయి. ఇంకా జీతం దగ్గర సేవ అంటారు. ఫీజు తీసుకునేటప్పుడు గుర్తురాని సేవ టీచరుకి ఇచ్చేటప్పుడే గుర్తొస్తే అది సేవ కాదు. 18 వేలకి హెడ్ మిస్ట్రెస్ అంటే తక్కువే, 22 అడగమనండి, సిగ్గుపడక్కర్లేదు.

అడిగేటప్పుడు ఇంకొన్ని కూడా కాగితం మీద రాయించుకోమనండి. పీఎఫ్ కడుతున్నారా లేదా. ఐదేళ్ళు దాటితే గ్రాట్యుటీ టీచర్లకి కూడా ఉంది, 2022లో సుప్రీం కోర్టు దాన్ని ఖాయం చేసింది, చాలా స్కూళ్ళు తెలియనట్టు ఉంటాయి. ఫీజు తగ్గింపు ఎవరికివ్వాలో నిర్ణయం హెడ్ మిస్ట్రెస్‌దా, కరస్పాండెంట్‌దా? కొత్త టీచర్‌ని తీసుకునేటప్పుడు ఈమె మాట వింటారా? ఇవి తేలకపోతే సంతకం ఈమెది, నిర్ణయం కాన్వెంట్ మేడ మీద అవుతుంది, తప్పు జరిగితే మళ్ళీ సంతకం చూసే పట్టుకుంటారు. ఇంకొకటి, ఆ స్కూలు ఎయిడెడ్డా కాదా కనుక్కోండి. ఎయిడెడ్ అనగానే గవర్నమెంటు జీతం వచ్చేస్తుందని ఇంకా మనవాళ్ళు అనుకుంటారు, 2021లో ఎయిడెడ్ స్కూళ్ళ సిబ్బందిని గవర్నమెంటులో కలిపేసే పని మొదలుపెట్టినప్పుడు ఎంత గందరగోళం అయిందో మర్చిపోయారా, ఆ ఆశ పెట్టుకోవద్దు.

డీఎస్సీ అంటారా, రాయమనండి, ఎందుకు వద్దు? ఎస్‌జీటీకి, అంటే గవర్నమెంటు ప్రైమరీ టీచరుకి, ఇప్పుడు బేసిక్ 32,670, దానితో ఏ కాన్వెంటూ పోటీపడలేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు, మళ్ళీ ఎప్పుడో ఎవరు చెప్తారు, కాబట్టి ఉన్న పని మానేసి అవనిగడ్డలో కోచింగ్‌కి కూర్చోబెట్టకండి. ప్రైవేటు అనుభవానికి డీఎస్సీలో మార్కులు లేవు, నిజమే, కానీ పిల్లలకి చెప్పిన మనిషికి ఆ పేపర్లో సగం ప్రశ్నలు చదవకుండానే వస్తాయి. బీఈడీ కూడా చేయిస్తానన్నారు, ప్రైమరీ కోసమైతే దండగ, 2023 ఆగస్టులో సుప్రీం కోర్టు బీఈడీ ప్రైమరీకి పనికిరాదని తేల్చేసింది, మీ అమ్మాయి చేతిలో ఉన్న డీఎడ్డే అసలైన కాగితం. ఆ 65 వేల డిప్లొమా మాత్రం కట్టకండి. హెడ్ మిస్ట్రెస్ పోస్టుకి దాన్ని ఎవరూ అడగరు, ట్రాన్స్‌ఫర్ అయ్యే సిస్టర్ గారి పక్కన ఏప్రిల్ నెలంతా కూర్చుంటే వచ్చేది అందులో రాదు.

నన్నడిగితే కాన్వెంట్ కుర్చీ రెండేళ్ళకి ఒప్పుకోమంటాను, పక్కన డీఎస్సీకి చదువుకోమంటాను. కానీ ముందు ఇంట్లో మీరూ అమ్మాయీ మాట్లాడుకోవాలి, పెళ్ళి గురించీ ఉద్యోగం గురించీ, తను ఏం చెప్పినా మధ్యలో అడ్డుపడకుండా వినాలి. వాళ్ళమ్మని పంపి కనుక్కోమనడం కాదు, మీరే.

టెట్, అదే టీచర్ అర్హత పరీక్ష, పాసై ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈసారి నోటిఫికేషన్‌కే కట్టెయ్యమనండి. 2025 సెప్టెంబర్‌లో సుప్రీం కోర్టు సర్వీసులో ఉన్న టీచర్లకి కూడా టెట్ ఉండాలంది, మైనారిటీ స్కూళ్ళ సంగతి పెద్ద బెంచ్‌కి పంపింది, అది ఎటు తేలినా తన కాగితం తన దగ్గరుంటుంది. ఇంత చెప్పాక కూడా వైజాగే వెళ్తానంటే వెళ్ళనివ్వండి, అది తన ఇష్టం. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వాళ్ళ దగ్గర పెట్టొద్దు, జిరాక్సులే ఇవ్వమనండి.