మామిడి ఫ్లేవర్ బ్లాక్ టీ వాసన తియ్యగా ఉంటుంది, తాగితే తీపి ఎందుకు ఉండదు?

ఆ టీలో ఉండేది మామిడి వాసనే తప్ప మామిడిలోని చక్కెర కాదు, అందుకే తీపి తగలదు. తయారైన తేయాకుకు పండు వాసననిచ్చే ఫ్లేవర్ పట్టిస్తారు. కొన్నిట్లో ఎండు ముక్కలు కలిపినా కప్పులోకి దిగే చక్కెర చాలా తక్కువ. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగులు, మాంసం పులుసులో తగిలే కమ్మటి రుచి) మాత్రమే. ఇది మామిడి, ఇది యాలకులు అని చెప్పేది ముక్కు. మింగినప్పుడు నోటి వెనక నుంచి వాసన ముక్కులోకి ఎక్కుతుంది.

హన్మకొండలో ఏ హోటల్లోనైనా అల్లం, యాలకులు వేసిన చాయ్ తీసుకుని, ముక్కు మూసుకుని ఒక గుక్క తాగండి. యాలకులు దాదాపు మాయం! అల్లం ఘాటు మాత్రం గొంతులో అలాగే ఉంటుంది, ఎందుకంటే అది వాసన కాదు, నరాలకు తెలిసే మంట.

ఫ్లేవర్ సరిగా దిగలేదనుకుని చాలామంది ఈ టీని కూడా మన చాయ్‌లాగే పొయ్యి మీద మరిగిస్తారు. చెడేది అక్కడే. సువాసన ఆవిరితో పోతుంది, తేయాకులోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువగా దిగి వగరు పెరుగుతుంది. మరిగిన నీళ్లు పోసి, మూత పెట్టి, 3-4 నిమిషాలకు వడకట్టాలి. కాస్త చక్కెర వేసుకున్నా తప్పేం లేదు, అప్పుడు మామిడి రుచి ఇంకా బాగా తెలుస్తుంది.