అంజీర్ కాయలు రాలిపోతున్నాయి, చెట్టు తీసేయాలా?

ప్రశ్న: మూడేళ్ల కిందట తెచ్చిన అంజీర్ మొక్కను మిద్దె మీద సగానికి కోసిన డ్రమ్ములో పెట్టాను. ఆకులు విస్తరాకులంత వస్తున్నాయి. కాయలు మాత్రం ఉసిరికాయంత అయ్యాక పసుపు తిరిగి రాలిపోతున్నాయి. వానల్లో ఆకులు కూడా రాలాయి. లోపల కందిరీగ దూరితేనే ఇది పండుతుందని పక్కింటావిడ అంటున్నారు. తీసేయమంటారా?
- ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: తీసేయకండమ్మా. ఆ కందిరీగ లెక్క మేడిచెట్టుది. మనం పెంచుకునే పూనా, డయానా రకాలకు ఏ పురుగూ అక్కర్లేదు, వాటంతటవే పండుతాయి.

ఆకులు విస్తరాకులంత అన్నారు చూడండి, నా అనుమానం అక్కడే. బలమంతా ఆకులకే పోతే కాయ నిలవదు. యూరియా గానీ, పచ్చి పేడ నీళ్లు గానీ పోస్తుంటే ఆపండి. రెండోది నీళ్లు. ఒక మే నెలలో పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లాను. వచ్చేసరికి డ్రమ్ములో మట్టి అంచు వదిలి బీటలిచ్చింది. కంగారుపడి రెండు బకెట్లు కుమ్మరించాను. తెల్లారేసరికి సగం కాయలు కింద, మిగతావి పగిలి చెట్టున! ఎండబెట్టి ముంచితే అంజీర్ ఊరుకోదు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. మట్టి మీద కొబ్బరి పీచు పరవండి.

వానల్లో రాలిన ఆకు వెనక వేలితో రాసి చూడండి. ఇటుకపొడిలా అంటితే తుప్పు తెగులు. రాలిన ఆకులన్నీ ఏరి కాల్చేయండి, నీళ్లు చెట్టు మొదట్లోనే పోయండి.

దసరా దాటాక కొమ్మలు మూడో వంతు కత్తిరించండి. కాయలు కొత్త చిగుళ్ల మీదే ఎక్కువ వస్తాయి. ఫుల్ చేతుల చొక్కా, గ్లౌజులు మర్చిపోవద్దు. కొమ్మ కోస్తే కారే పాలు అంటిన చేత్తో ఎండలో నిలబడి బొబ్బలు తెచ్చుకున్నాను, మచ్చ ఇంకా ఉంది.

వానాకాలం కాయ చప్పగా ఉంటే దిగులుపడకండి. పుణె దగ్గర పురందర్ రైతులు కూడా వానల పంటను ఖట్టా బహార్ (పుల్ల పంట) అని, వేసవి పంటను మీఠా బహార్ (తీపి పంట) అని అంటారు.

తొందరపడి మాత్రం కోయకండి. ఇది మామిడిలా బియ్యం డబ్బాలో మగ్గదు. కాయ మెడ వాల్చి వేలాడాలి, తెంపితే తొడిమ నుంచి పాలు కారకూడదు. ఆ రెండు రోజులే ఉడతలతో పోటీ. నేనైతే పండు పండుకీ పాత సాక్సు తొడుగుతాను.